"మగాళ్లకి కాస్త రిలాక్సేషన్ వద్దా" అంట!

ఇప్పుడే మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒక అన్నయ్య పెట్టిన మెసేజ్ చూశా, ఒళ్లు మండిపోతోంది. జూలై వచ్చింది కదా, బొహీమియన్ గ్రోవ్ గురించి ఒక వార్త షేర్ చేశానంతే. దానికాయన "మీకు కిట్టీ పార్టీలు లేవా అమ్మా, అంతంత పెద్దవాళ్లు ఏడాదికోసారి రిలాక్స్ అయితే మీకేంటి నొప్పి" అన్నాడు. కింద వరసగా నవ్వే ఎమోజీలు.

ఏ కిట్టీ పార్టీలో అన్నయ్యా దేశానికి ప్రెసిడెంట్ ఎవరవ్వాలో తేలుతుంది?

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. బొహీమియన్ క్లబ్ అని 1872లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో జర్నలిస్టులు పెట్టుకున్న క్లబ్బు, తర్వాత డబ్బున్నోళ్లు చేరి వాళ్లదే చేసుకున్నారు. సోనోమా కౌంటీలో మాంటే రియో దగ్గర దాదాపు 2,700 ఎకరాల రెడ్‌వుడ్ అడవి వాళ్ల సొంతం, దాని పేరే బొహీమియన్ గ్రోవ్. ప్రతి జూలైలో రెండు వారాల పైనే అక్కడ మకాం. మెంబర్లందరూ మగాళ్లే. మొదట్లోనే 40 అడుగుల గుడ్లగూబ విగ్రహం ముందు పొడుగు అంగీలేసుకుని, కాగడాలు పట్టుకుని, "చింత"కి, అంటే మనసులో దిగులుకి, ఒక బొమ్మ చేసి తగలబెడతారు. మా అమ్మమ్మ దిష్టి తీసి ఉప్పు పొయ్యిలో వేస్తే మూఢనమ్మకం, బ్యాంకుల ఓనర్లు బొమ్మని కాలిస్తే మాత్రం ట్రెడిషన్!

పైగా వాళ్ల నినాదం ఏంటంటే, గూళ్లు అల్లే సాలీళ్లు ఇటు రావద్దు అని, అంటే వ్యాపారాలూ ఎత్తుగడలూ బయటే వదిలేసి రావాలట. మరి 1942 సెప్టెంబర్‌లో అణుబాంబు ప్రాజెక్టు కమిటీ కూర్చున్నది ఎక్కడ? ఆ అడవిలోనే. 1967లో నిక్సన్ చెరువు గట్టున స్పీచ్ ఇచ్చి, రీగన్‌తో కూర్చుని మరుసటేడు ఎలక్షన్ గురించి మాట్లాడుకున్నది ఎక్కడ? అక్కడే. ఇద్దరూ తర్వాత ప్రెసిడెంట్లయ్యారు. ఓట్లేసేది మనం, మాటలయ్యేది గేటు లోపల!

ఇంక ఆడవాళ్ల సంగతి. మెంబర్‌షిప్ దేవుడెరుగు, వంటకీ వడ్డనకీ కూడా ఆడవాళ్లని పెట్టుకోం అన్నారు, దాని మీద ఏళ్ల తరబడి కేసు నడిచింది. ఆడవాళ్లుంటే మగాళ్లు ఫ్రీగా ఉండలేరు, చెట్ల దగ్గర ఆరుబయట ఒంటికి వెళ్లలేరు అన్నది కోర్టు మెట్లెక్కిన పాయింటు, నేను కల్పించి చెప్పట్లేదు. 1986లో అప్పీల్ కోర్టు కుదరదు, ఉద్యోగాలివ్వాల్సిందే అంది. ఆ పనివాళ్లనైనా సరిగ్గా చూశారా అంటే, 2023లో అక్కడ మెంబర్లకి పనులు చేసిపెట్టే వ్యాలెట్లు మా జీతాలు ఎగ్గొట్టారని కేసేశారు.

నాకు అన్నిటికంటే మండేది సుప్రీంకోర్టు జడ్జి క్లారెన్స్ థామస్ సంగతి. కోటీశ్వరుడు హార్లన్ క్రోకి గెస్టుగా అక్కడికి వెళ్లొచ్చిన విషయం 2023లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ బయటపెట్టింది. 2019లో ఉన్న మకాం ఖర్చుని ఆయన 2024లో గానీ కాగితం మీద పెట్టలేదు. మనం హెచ్‌వన్ స్టాంపింగ్‌కి వెళ్తే ఎక్కడ పనిచేశావ్, ఎవరిస్తున్నారు జీతం అని పేస్లిప్పులన్నీ చూపించాలి, దేశానికి తీర్పులు చెప్పే మనిషి మాత్రం ఎవరి ఖర్చుతో తిన్నాడో అయిదేళ్లకి చెప్తే సరిపోతుందా!

అసలు ఆ అన్నయ్య ఎందుకు వెనకేసుకొస్తున్నాడో నాకు తెలుసు, ఇన్నాళ్లూ ఊరుకున్నా కాబట్టి ఇవాళ చెప్పేస్తా. ఇక్కడి మన తెలుగు అసోసియేషన్‌లో కూడా ఏటా "బ్రదర్స్ ట్రిప్" అని లేక్ టాహోలో క్యాబిన్ తీసుకుంటారుగా, పేకాట, మందు, బార్బెక్యూ, అంతవరకూ నాకేం నొప్పి లేదు. కానీ వెనక్కి వచ్చేసరికి వచ్చే ఏడాది ప్రెసిడెంట్ ఎవరో, ట్రెజరర్ ఎవరో, ఉగాదికి ఏ హాలో, స్పాన్సర్ డబ్బులు ఎటో అన్నీ అయిపోయుంటాయి. జనరల్ బాడీలో మనం చేతులెత్తడానికే. మనకిచ్చేది పులిహోర, డెకరేషన్, పిల్లల డాన్సు ప్రాక్టీసు. పోయినసారి ఖర్చుల లెక్క అడిగిన అక్కని "అమ్మా, అవన్నీ మేం చూసుకున్నాంలే" అని కూర్చోబెట్టారు, ఆవిడ సీపీఏ! లెక్కలే ఆవిడ ఉద్యోగం!

ఈసారి మీటింగ్‌లో క్యాబిన్‌లో తీసుకున్న నిర్ణయాలన్నీ మళ్లీ మొదట్నుంచి అందరి ముందూ ఓటుకి పెట్టమని అడగబోతున్నా. ఒప్పుకునేదాకా ఫుడ్ కమిటీ షీట్‌లో నా పేరు రాయను. ఎవరెవరు నాతో వస్తారో కింద చెప్పండి, చాటుగా ఇన్‌బాక్స్‌లో కాదు, ఇక్కడే.