దోమ బొమ్మకు తాళం

వానలు పడుతున్నాయి. బస్తీల్లో డ్రమ్ములు నిండాయి, దవాఖానాల్లో జ్వరాల క్యూలు పెరిగాయి. సరిగ్గా ఇప్పుడే నగరంలో ప్రజల సొమ్ముతో నడిచే ఒక పరిశోధన సంస్థకు టెన్షన్ పట్టుకుంది. దోమల గురించి కాదు, దోమ బొమ్మ గురించి. ఆ సంస్థ పోస్టర్‌లో ఉన్న దోమ జీవితచక్రం బొమ్మను ఒక ప్రభుత్వ బడి టీచర్ తీసుకున్నారు. ఇంగ్లిష్ పేర్లు తీసి తెలుగు పేర్లు పెట్టారు. కింద సంస్థ పేరు స్పష్టంగా రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకునే బొమ్మల, ఫొటోల ఆన్‌లైన్ భాండాగారం వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కించారు. వారం తిరక్కముందే సంస్థ నుంచి మెయిల్ వెళ్లింది: మా అనుమతి లేదు, తీసేయండి. తీసేశారు.

కామన్స్‌ను నడిపే వాలంటీర్లను తప్పుపట్టలేం. హక్కుదారు అనుమతి లేని ఫైలును ఉంచుకోకపోవడం వాళ్ల నియమం. ఆ కట్టుబాటుతోనే 2004లో మొదలైన ఆ భాండాగారంలో ఇవాళ 10 కోట్లకు పైగా ఫైళ్లు ఉన్నాయి. టీచర్‌దీ చట్టం లెక్కన తొందరపాటే, ముందు అడిగి ఉండాల్సింది. అంతవరకూ ఒప్పుకుంటాం.

కానీ అదే సంస్థ గోడల మీద కరోనా రోజుల నాటి పోస్టర్లు ఇంకా ఉన్నాయి. వాటి మీద ఎర్రటి ముళ్ల బూడిదరంగు బంతి ఉంది. అది ఎవరిది? అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీలో పనిచేసే అలిస్సా ఎకర్ట్, డాన్ హిగ్గిన్స్ 2020 జనవరిలో తయారుచేసింది. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులు డ్యూటీలో భాగంగా చేసిన పనికి ఆ దేశ చట్టం కాపీరైట్ ఇవ్వదు. అందుకే ఆ బంతి ప్రపంచమంతా దొర్లింది. టీవీల్లో, బస్టాపుల్లో, మాస్కుల మీద కనపడింది. మన బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం వాళ్లయితే వైరస్ ఆకారంలో ఏకంగా కారే చేసి రోడ్డెక్కించారు. ఆ బొమ్మ వాడుకోవడానికి ఈ సంస్థ ఎవరినైనా అడిగిందా? అడగక్కర్లేదు. కనీసం పేరు వేసిందా? అదీ లేదు. టీచర్ పేరు వేశారు, ఆమెకు నోటీసు. సంస్థ వేయలేదు, దానికి ఎవరూ ఏమీ అనలేదు. గురివింద సామెత గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది?

(మా సంగతీ చెప్పుకోవాలి. ఈ పత్రిక కూడా ఆ బంతిని చాలాసార్లు అచ్చేసింది. కింద ‘ఇంటర్నెట్’ అని రాసిన రోజులున్నాయి. అది తప్పు.)

ఇంతకీ ఆ దోమ బొమ్మలో ఏముంది? డెంగీ దోమ తన గుడ్లను నీళ్లలో కాకుండా, డ్రమ్ము లోపలి గోడకు, నీటి అంచుకు కాస్త పైన, నల్లటి చుక్కల్లా అంటించి పోతుంది. ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి బతుకుతాయి. మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి. అంటే నీళ్లు పారబోస్తే చాలదు, డ్రమ్ము గోడను పీచుతో గట్టిగా తోమాలి. మలేరియా దోమ లార్వా నీటి పైపొరకు సమాంతరంగా పడుకుంటుంది. డెంగీ దోమ లార్వా తోక దగ్గరి గొట్టంతో గాలి పీలుస్తూ తలకిందులుగా వేలాడుతుంది. మాటల్లో చెప్పడానికి ఇన్ని వాక్యాలు పట్టింది. బొమ్మలో అయితే ఒక్క చూపు చాలు. సంస్థ పోస్టర్‌లో ఇవన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. టీచర్ ఆ నల్ల చుక్కల దగ్గర ఒక బాణం గుర్తు పెట్టి ‘గుడ్లు ఇక్కడ, తోమండి’ అని రాశారు. తొలగించింది దాన్ని.

కామన్స్‌లో ఒక బొమ్మ ఉంటే ఏ భాష వికీపీడియా అయినా దాన్ని నేరుగా వాడుకోవచ్చు. ఎస్‌వీజీ అనే ఫైలు రూపంలో ఉంటే మరీ సులువు. అందులో అక్షరాలు మామూలుగా బొమ్మలో కలిసిపోవు, విడిగా ఉంటాయి. పేరు మార్చుకుంటే చాలు, గీత ముట్టుకోనక్కర్లేదు. లక్షకు పైగా వ్యాసాలున్న తెలుగు వికీపీడియాలో సైన్సు పేజీలు తెరిచి చూడండి. తెలుగు వ్యాసం మధ్యలో ఇంగ్లిష్ పేర్ల గుండె, ఇంగ్లిష్ పేర్ల కణం ఇంకా కనిపిస్తాయి. ఆ బొమ్మలు కూడా చాలావరకు పరాయి దేశాల వాళ్లు పెట్టినవే. తార్నాక నుంచి ఉప్పల్ దాకా ఒకే రోడ్డు మీద ఇన్ని జాతీయ పరిశోధన సంస్థలున్న నగరం ఇది. మన పిల్లలకు కర్ణిక, జఠరిక చూపించడానికి మాత్రం ఎక్కడో ఎవరో దయతలిచి వదిలేసిన బొమ్మ కావాలి. తీసుకోవడానికి మనకు సిగ్గు లేదు. ఇవ్వమంటేనే హక్కులు గుర్తొస్తాయి.

బొమ్మలు స్వేచ్ఛగా వదిలేస్తే తప్పుడు పేర్లు పెడతారని, మందుల కంపెనీలు వాడుకుంటాయని శాస్త్రవేత్తల భయం. బొమ్మలు గీసి బతికే కళాకారుల కడుపు కొట్టొద్దన్న మాటా ఉంది. రెండూ కొట్టిపారేయాల్సినవి కావు. కానీ ఈ బొమ్మ గీసిన వ్యక్తికి ప్రజల డబ్బుతో ఎప్పుడో చెల్లింపు జరిగిపోయింది. ఇక తప్పుల మాటంటారా, కామన్స్‌లో ప్రతి ఫైలుకూ చరిత్ర ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో కనపడుతుంది, పాతది వెనక్కి తేవచ్చు. గోడ మీద పోస్టర్‌కు ఆ వసతి లేదు.

‘విద్యా అవసరాలకు, వాణిజ్యేతర వినియోగానికి అనుమతిస్తున్నాం కదా’ అన్నది సంస్థ సమాధానం. వినడానికి ఉదారంగానే ఉంది. కానీ కోఠిలో గైడ్లు అచ్చేసేవాడు వ్యాపారి. బడి పక్క జిరాక్స్ షాపులో చార్టుకు 20 రూపాయలు తీసుకునేవాడూ వ్యాపారే. ఈ పత్రికా డబ్బుకే అమ్ముడవుతుంది. ఆ బొమ్మ జనం దగ్గరికి చేరే దారులన్నీ ఇవే. వాటన్నిటినీ మూసేసి అనుమతి ఇచ్చామనడం ఎవరి చెవిలో పువ్వు పెట్టడానికి? వాణిజ్యేతరం అన్న షరతు ఉన్న ఫైళ్లను కామన్స్ తీసుకోదు. పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చినదాన్నీ అదే షరతుతో పంచాలి అన్న లైసెన్సు చాలు. 2013లో కేంద్రం మొదలుపెట్టిన ఎన్‌ఆర్‌ఓఈఆర్ అనే ఆన్‌లైన్ భాండాగారం తన పాఠ్య సామగ్రికి ఎంచుకున్న లైసెన్సు ఇదే. ఢిల్లీ పాటించగలిగింది హైదరాబాద్‌కు ఎందుకు కష్టమైంది?

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ప్రభుత్వ రచనల మీద హక్కు 60 ఏళ్లు. ఇవాళ ఆరో తరగతి చదివే పిల్లకు ఆ పోస్టర్ సొంతమయ్యేసరికి డెబ్బై దాటుతాయి. అప్పటికి ఆమె ఎన్నిసార్లు డెంగీ పడి లేస్తుందో!

పరిశోధన పత్రాల్లోని బొమ్మల కథ ఇంకా విచిత్రం. మన డబ్బుతో చేసిన పరిశోధన, మన శాస్త్రవేత్త గీసిన బొమ్మ. అచ్చు కోసం హక్కులు చందా జర్నల్‌కు రాసిచ్చేస్తారు. తర్వాత ఆ జర్నళ్లను చదవడానికి మళ్లీ మనమే కడతాం. ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు జర్నళ్లు అందించే ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన మొత్తం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నళ్లు. అయినా అందులో కొన్నది చదివే హక్కే. అందులోని బొమ్మను తీసి బడిలో చార్టుగా అచ్చేసి పంచాలంటే మళ్లీ అనుమతి అడగాలి. విదేశీ కంపెనీలకు హక్కులు ధారపోసేటప్పుడు నోరు మెదపని సంస్థలకు, ఒక టీచర్ ముందు మాత్రం చట్టం పేజీలు గుర్తొస్తాయి. తామే కామన్స్‌లో ఎన్ని బొమ్మలు పెట్టారో చెప్పమనండి. అమ్మా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటే ఇదే.

ఇదంతా జరిగింది ఏ ఊళ్లో? 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూసిన సికింద్రాబాద్ పక్కన. ఆయన పోయింది 1932లో. ఆయన ప్రచురించిన రాతలూ బొమ్మలూ ఏ తాళం లేకుండా ఇవాళ ఎవరైనా వాడుకోవచ్చు. వలస పాలన నాటి సైనిక డాక్టర్ గీసిన దోమ మనదైంది. మన పన్నులతో గీయించిన దోమ మనది కాలేదు.

హక్కుదారు నుంచి ఒక అనుమతి మెయిల్ అందితే కామన్స్‌లో తొలగించిన ఫైలు తిరిగి వస్తుంది. తీసేయమని రాయడానికి ఆ సంస్థ అధికారికి ఎంత సమయం పట్టిందో, ఉంచండి అని రాయడానికీ అంతే పడుతుంది. అది ఈ వారంలోనే రాయాలి. అది కుదరదంటే, ముందు తన ఆఫీసు గోడ మీది ఆ ఎర్ర ముళ్ల బంతి కిందకు ఒక స్టూలు జరుపుకుని, పెన్ను తీసి, గీసినవాళ్ల పేర్లు రాయాలి. స్పెల్లింగ్ తెలియకపోతే టీచర్‌ను అడగొచ్చు.