మాన్యువల్ ఒక్కటే సరిపోదండి

"సర్వీస్ మాన్యువల్ చేతిలో ఉంటే కొత్తవాళ్లయినా కారు ఇంజిన్ విప్పి బిగించొచ్చు" అన్నారు మీ వ్యాసంలో. సగమే నిజమండి. నేను పాత మారుతి 800 మీద నేర్చుకున్నాను. 796 సీసీ, మూడే సిలిండర్లు, కార్బురేటర్ మోడల్. విప్పడం ఒక్క ఆదివారంలో అయిపోయింది. బిగించడానికి మాత్రం రెండు నెలలు పట్టింది! ఎందుకంటే పిస్టన్‌ను క్రాంక్ షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ల క్యాపులన్నీ (కింది మూతలు) ఒకే డబ్బాలో పడేశాను. ఏ రాడ్డు క్యాపు ఆ రాడ్డుకే, అదీ ముందు ఏ వైపుకి ఉందో ఆ వైపుకే పెట్టాలి. మారిస్తే బేరింగ్ పట్టేస్తుంది. చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపు పెద్దాయన జతలు వెతికిపెట్టారు. తిట్లు ఉచితం.

పిస్టన్ చుట్టూ ఉండే రింగుల సంగతి మీరు అసలు రాయలేదు. కొత్త రింగును పిస్టన్‌కి ఎక్కించే ముందు సిలిండర్‌లోకి దించి, పిస్టన్‌తో తిన్నగా నెట్టి, రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే సన్నటి రేకులు) కొలవాలి. సందు చాలకపోతే వేడికి కొసలు ఒకదాన్నొకటి నెట్టుకుని రింగు విరుగుతుంది, సిలిండర్ గోడ గీసుకుపోతుంది. అప్పుడు సిలిండర్‌ని లోపల తొలిపించే బోరింగ్ ఖర్చు. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ లేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకోండి, హెడ్ (సిలిండర్ల పైమూత) బోల్టులు మాత్రం చేతి అంచనాతో బిగించకండి.