సున్నా అంటే సున్నం లేదనే అర్థం

విజయవాడ వాకింగ్ బృందాల వాట్సాప్‌లలో కొన్ని వారాలుగా ఒక సందేశం తిరుగుతోంది. 40 దాటిన ప్రతివారూ ఏటా గుండెకు కాల్షియం స్కోరు (గుండె ధమనుల్లో చేరిన సున్నం, అంటే కాల్షియం, లెక్క) సీటీ స్కాన్ చేయించుకోవాలనీ, స్కోరు సున్నా వస్తే గుండెపోటు భయం లేనట్టేననీ, 400 దాటితే వెంటనే స్టెంట్ వేయించుకోవాలనీ, మందులు పనిచేస్తే స్కోరు తగ్గుతుందనీ, రేడియేషన్ మామూలు ఛాతీ ఎక్స్‌రేకు మించదనీ దాని సారాంశం. పరీక్ష మంచిదే, సందేశమే తప్పులతడక. సీటీ యంత్రం దగ్గర పనిచేసేవాడిని కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది సున్నా గురించిన మాట. ఈ స్కాన్‌లో డై, అంటే రక్తనాళాలు స్పష్టంగా కనిపించడానికి ఇచ్చే మందు, ఎక్కించము. ఛాతీకి ఈసీజీ తీగలు అతికించి, ఊపిరి బిగపట్టమని చెప్పి, గుండె కదలిక తగ్గే క్షణంలో చిత్రాలు తీస్తాము. వాటిలో 130 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లకు (సీటీలో సాంద్రతను కొలిచే కొలమానం) తగ్గకుండా తెల్లగా మెరిసే చుక్కలే లెక్కకు వస్తాయి, అంటే ధమని గోడలోని పూడికలో సున్నం పట్టిన భాగం మాత్రమే. ఇంకా సున్నం పట్టని మెత్తని కొవ్వు ఆ లెక్కకు అందదు. ఏ లక్షణాలూ లేనివారికి సున్నా నిజంగా శుభవార్తే, కొన్నేళ్ళపాటు ముప్పు బాగా తక్కువ. కానీ సున్నా వస్తే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రను వాయిదా వేయవచ్చన్న 2018 నాటి అమెరికా మార్గదర్శకాలు సైతం పొగతాగేవారిని, మధుమేహులను, చిన్నవయసులోనే గుండెజబ్బు వచ్చిన కుటుంబాలవారిని ఆ వెసులుబాటు నుంచి మినహాయించాయి.

ఆటోనగర్‌లో విడిభాగాల దుకాణం నడిపే మా పెద్దమ్మ కొడుకు రోజుకొక సిగరెట్ పెట్టె కాల్చేవాడు. ఇంద్రకీలాద్రి మెట్లెక్కుతుంటే గుండె పట్టేసినట్టు ఉందన్నాడు. చూపించుకో అన్నయ్యా అంటే, "సున్నా వచ్చిందిగదరా, ఇంకేం చూపించుకోను?" అన్నాడు. చివరికి డై ఎక్కించి సీటీ యాంజియోగ్రామ్ తీస్తే, ఎడమవైపు ముందు ధమనిలో సున్నం లేని పూడిక బూడిదరంగు నీడలా కనిపించింది.

పూడిక అన్న మాటే మనల్ని కొంత తప్పుదోవ పట్టిస్తుంది. కాలువల ఊరివాళ్ళం కాబట్టి, పూడిక అనగానే బందరు కాలువ అడుగున చేరిన మట్టి గుర్తొస్తుంది. ధమనిలో కొవ్వు చేరేది గోడ పొరల లోపల, ఆ గోడ మొదట్లో వెలుపలికి ఉబ్బి చోటిస్తుంది. ఆ కొవ్వు ధమనిలోని చోటులో దాదాపు 40 శాతం ఆక్రమించేదాకా రక్తం పారే దారి ఇరుకు కాకపోవచ్చని 1987లోనే అమెరికా వైద్య పరిశోధకుడు గ్లాగోవ్ బృందం చూపింది. గోడను చూపగలగడమే సీటీ యాంజియోగ్రామ్ విశిష్టత. మామూలు యంత్రాలు సుమారు అర మిల్లీమీటరు వివరాన్ని పట్టుకుంటే, ఎక్స్‌రే కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే, 2021లో అమెరికాలో అనుమతి పొందిన ఫోటాన్ కౌంటింగ్ సీటీ 0.2 మిల్లీమీటర్ల దాకా వెళ్తుంది.

ఇక 400 దాటితే స్టెంట్ అన్నది అసలు పొసగని మాట. స్కోరు అన్ని ధమనుల్లోని సున్నానికి కలిపి వేసిన మొత్తం. ఏ చోట దారి ఎంత ఇరుకైందో అది చెప్పదు. పైగా 2020లో ప్రచురితమైన ఇస్కీమియా అధ్యయనంలో, గుండెజబ్బు నిలకడగా ఉన్న 5,179 మంది రోగులలో, మందులతో పాటు ముందుగానే స్టెంట్ లేదా బైపాస్ దారి పట్టినందువల్ల మొత్తమ్మీద మరణాలు గానీ గుండెపోట్లు గానీ తగ్గలేదు, ఛాతీనొప్పి ఉన్నవారికి ఉపశమనం మాత్రం దక్కింది. ఎక్కువ స్కోరు వచ్చినవారికి ముందు కావలసినవి స్టాటిన్, బీపీ అదుపు, సిగరెట్ మానడం.

రేడియేషన్ సుమారు ఒక మిల్లీసీవర్ట్, ఛాతీ ఎక్స్‌రేకు కనీసం పదింతలు. అవసరమైనప్పుడు భయపడవలసినంత కాదు గానీ, ఏటా ఊరికే పొందవలసినదీ కాదు. సున్నా వచ్చినవారికి మళ్ళీ తీసినా సాధారణంగా కొన్నేళ్ళు ఆగాకే తీస్తారు.

మందులతో స్కోరు తగ్గుతుందనడం లెక్క తెలియక చెప్పే మాట. చుక్క వైశాల్యాన్ని దాని సాంద్రతకు తగ్గట్టు 1 నుంచి 4 వరకు ఒక అంకెతో హెచ్చిస్తారు. 5 చదరపు మిల్లీమీటర్ల చుక్క 350 యూనిట్లు మెరిస్తే అంకె 3, స్కోరు 15; అదే చుక్క గట్టిపడి 400 చేరితే అంకె 4, స్కోరు 20. స్టాటిన్ చేసే మేలులో మెత్తని పూడికను గట్టిపరచడమూ ఒకటి కాబట్టి, మందు పనిచేస్తున్నప్పుడే స్కోరు పెరగవచ్చు. మా అన్నయ్య ఇప్పుడు మాత్ర మానకుండా వేసుకుంటున్నాడు, స్కోరు సున్నా దాటినా నేను ఆశ్చర్యపోను. ఆయన డాక్టరు గారు ఆ స్కాన్ మళ్ళీ రాయలేదు.