ఒక ఒరలో ఇద్దరు అధ్యక్షులు

పొద్దున్నే మెయిల్ తెరిస్తే రెండు సంఘాల చందా నోటీసులు పక్కపక్కనే పడి ఉన్నాయి. వికలాంగులను ఉద్యోగాల్లో నిలబెట్టే రిహాబిలిటేషన్ కౌన్సెలర్లం మనం; మన వృత్తికి ఏకైక గొంతుక తానేనని రెండూ చెప్పుకున్నాయి. మనిషికి రెండు గొంతుకలుంటే ఏ డాక్టరైనా తక్షణం ఆపరేషన్ రాస్తాడు.

అమెరికాలో తానా, ఆటా, నాట్స్, నాటా అంటూ అక్షరాలు తిరగేసి మరగేసి సంఘాలు పెట్టుకున్న జాతి మనది. అయినా ఈ విద్యలో అమెరికావాళ్ళే మనకు గురువులు. మన కౌన్సెలర్ల చదువుకి 1954లో ఇక్కడి కేంద్రం యూనివర్సిటీలకు డబ్బిచ్చింది. 1958 వచ్చేసరికి ఒకటికి రెండు సంఘాలు పుట్టాయి. నేషనల్ రిహాబిలిటేషన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ ఒకటి, నేడు 'అమెరికన్' అని మొదలయ్యేది మరొకటి. ఒకే ఏడు పుట్టిన కవలలు, తల్లులే వేరు. మొదటిదాని తల్లి నేషనల్ రిహాబిలిటేషన్ అసోసియేషన్, పొడి అక్షరాల్లో ఎన్.ఆర్.ఏ. అంటారు. తుపాకులవాళ్ళ ఎన్.ఆర్.ఏ. కాదు. (ఆ ఇద్దరు ఎన్.ఆర్.ఏ.లూ కలిస్తే మాత్రం మా ఆఫీసుకి క్లయింట్ల కరువుండదు.)

ఈ కవలల్ని కలపాలా వద్దా? విలీన ఉపసంఘం జూమ్‌లో కూర్చుందనుకోండి. మొదటి గంట పేరుకే సరి. 'అమెరికన్' ముందా, 'నేషనల్' ముందా? రెండూ ఒకే దేశం కదండీ అన్నవాణ్ణి మ్యూట్‌లో పెడతారు. రెండో గంట ఏ జర్నల్ ఉండాలి, ఏది పోవాలి అని. రెండింట్లో రాసేదీ ఆ నలుగురే, చదివేదీ ఆ నలుగురే. మూడో గంట మాజీ అధ్యక్షుల ఫొటోల వరస. ఇంతలో ఒకాయన, "అవతలి సంఘం మా ఉత్తరానికి జవాబే ఇవ్వలేదు!" అని మండిపడతాడు. అవతలి సంఘానికి కార్యదర్శి ఆయనే. తనని తాను సంజాయిషీ అడుగుతూ తీర్మానం పెడతాడు, రెండో టోపీ పెట్టుకుని తానే బలపరుస్తాడు, వోటు దగ్గరికొచ్చేసరికి తటస్థంగా ఉండిపోతాడు. తీర్మానం వచ్చే సమావేశానికి వాయిదా.

మన కోర్సులకు గుర్తింపునిచ్చే కోర్ అనే సంస్థ 2017లో కేక్రెప్ అనే మరో గుర్తింపు సంస్థలో కలిసిపోయింది. ఆకాశమేం విరిగి పడలేదు.

కేంద్రం డబ్బు తీసుకునేవాళ్ళు వికలాంగులపై వివక్ష చూపకూడదనే 1973 చట్టంలోని 504 సెక్షన్‌కి నిబంధనలు రాక నాలుగేళ్ళు గడిస్తే, 1977 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ భవనంలో వీల్‌చైర్లతో బైఠాయించారు వికలాంగులు. మూడు వారాలు దాటినా కదల్లేదు. నల్లజాతి ఉద్యమకారులైన బ్లాక్ పాంథర్లు వచ్చి అన్నం పెట్టారు. మంత్రి చేత సంతకం పెట్టించాకే లేచారు. లెటర్‌హెడ్ మీద ఎవరి పేరు ముందుండాలని అక్కడ ఎవరైనా అడిగుంటారా?

మన పునరావాస సేవలకి డబ్బు చాలకపోతే తీవ్ర వైకల్యం ఉన్నవాళ్ళని ముందు తీసుకుని, మిగతావాళ్ళని వెయిటింగ్ లిస్టులో పెట్టమంటుంది చట్టం. ఆ లిస్టులో ఉన్నాడు, కప్పు మీంచి పడి నడుం పోగొట్టుకున్న ఓ కూలీ. నెలనెలా ఫోన్ చేస్తాడు. "నా పేరు ఎంతవరకొచ్చింది సార్?" ఏం చెప్పమంటారు? నీ వాటా డబ్బు కోసం వాషింగ్టన్‌లో కలిసి అరవాల్సిన మావాళ్ళు ఫొటోలు సర్దుకుంటున్నారు, కాస్త ఆగు నాయనా అననా? సిగ్గులేదూ మనకి! వాడి పేరు చెప్పుకునే కదా బతుకుతున్నాం!

కౌన్సెలర్‌గా నా సర్టిఫికెట్ నిలబడాలంటే ఐదేళ్ళలో 100 గంటల క్లాసులు చూపించాలి. గంటలు రెండుచోట్లా అమ్ముతారు, సభ్యులకు కాస్త తగ్గిస్తారు. రెండు చందాలూ కట్టేశాను.