గోడ కాచినవారి మాటేమిటి?

కొన్ని నెలలకోసారి బెంగళూరు తూర్పు శివార్లలోని తెలుగు కుటుంబాల ఫోన్లలో తిరిగే సందేశం ఇప్పుడు మళ్లీ తిరుగుతోంది. నగరంలో ఒక సైకో సంచరిస్తున్నాడనీ, ఒంటరిగా కనిపించే ఆడవాళ్లే అతని గురి అనీ, పోలీసులకు తెలిసినా దాచిపెడుతున్నారనీ, చీకటి పడ్డాక ఆడపిల్లలు గడప దాటవద్దనీ దాని సారాంశం. ఏ పోలీసు స్టేషన్ పరిధిలో, ఏ తేదీన, ఏం జరిగిందన్న ముక్క ఒక్కటీ అందులో ఉండదు. అయినా మారతహళ్లి నుంచి కె.ఆర్.పురం దాకా పీజీల్లో ఉండే అమ్మాయిలకు అనంతపురం నుంచీ చిత్తూరు నుంచీ కన్నవాళ్ల ఫోన్లు ఆగవు. ఆ భయం ఇంకా చల్లారకముందే దాన్ని సొమ్ము చేసుకునే యూట్యూబ్ వీడియోలు తయారవుతాయి. వాటిలో పాత కేసుల ఫొటోలు, గుండెలదిరే సంగీతం, పోలీసులను ముప్పుతిప్పలు పెట్టిన మేధావిగా హంతకుడి వర్ణన తప్ప మరేమీ ఉండదు.

మా అభ్యంతరం ఆ చివరి మాటకే.

భయాన్ని మేము తేలిగ్గా కొట్టిపారేయడం లేదు. ఈ నగరం అలాంటివారిని నిజంగానే చూసింది. పరప్పన అగ్రహార కేంద్ర కారాగారం నుంచి 2013 సెప్టెంబరు 1 తెల్లవారుజామున మహిళలపై వరుస అత్యాచారాలు, హత్యల కేసుల్లో ఉన్న ఎం.జైశంకర్ 30 అడుగుల ప్రహరీ దాటి పారిపోయాడు. పట్టిచ్చినవారికి రూ.5 లక్షల బహుమతి ప్రకటించి, తెలుగుతో సహా అయిదు భాషల్లో పోస్టర్లు అంటించిన ఆ వారాన్ని అప్పుడు ఇక్కడున్నవారు మరచిపోయి ఉండరు. రాష్ట్రాలు దాటిపోయి ఉంటాడని అందరూ అనుకుంటుంటే, గోడ దూకినప్పుడు గాయపడిన కాలితో అతను సెప్టెంబరు 6న దొరికింది జైలుకు కొద్ది కిలోమీటర్ల దూరంలోని కూడ్లు గేట్ వద్ద. అయితే జనం నోళ్లలో మిగిలింది గాయపడిన కాలు కాదు, 30 అడుగుల గోడ. ఆ రాత్రి విధుల్లో ఉండి సస్పెండయిన 11 మంది జైలు సిబ్బందిపై విచారణ ఏమైందని అడిగినవారు ఎందరు?

పైగా అది అతని మొదటి పలాయనం కాదు. తమిళనాడులో ఒక మహిళా కానిస్టేబుల్‌ను అపహరించి చంపిన కేసులో నిందితుడిగా ఉన్న అదే మనిషి, 2011 మార్చిలో ధర్మపురి కోర్టు నుంచి కోయంబత్తూరు జైలుకు తీసుకెళ్తుండగా సేలం బస్టాండు దగ్గర కాపలా కానిస్టేబుళ్ల కళ్లుగప్పి మాయమయ్యాడు. ఒక పోలీసు ఉద్యోగినిని చంపాడన్న ఆరోపణ ఎదుర్కొంటున్నవాణ్ని ఇద్దరు కానిస్టేబుళ్ల చేతిలో పెట్టి పంపడానికి సంతకం చేసిన అధికారి ఎవరు? కాపలా ఉన్న ఇద్దరిలో ఒకరు ఆ అవమానం భరించలేక ప్రాణం తీసుకున్నారు. పై అధికారులకు అంతటి కష్టమేమీ రాలేదు. పారిపోయినవాడు కర్ణాటకలోకి వచ్చి మరికొందరు మహిళలను పొట్టన పెట్టుకున్నాడు. మే నెలలో బిజాపూర్ (ఇప్పటి విజయపుర) జిల్లాలో అతని ఆట కట్టించింది కూడా నిఘా యంత్రాంగం కాదు, పొలంలో ఉన్న ఒక మహిళ పెట్టిన కేకలూ, వాటిని విని పరుగెత్తుకొచ్చినవారూ. రెండుసార్లు చేజారినవాడు చివరికి 2018 ఫిబ్రవరిలో, కంటికి రెప్పలా కాయవలసిన గదిలోనే ప్రాణం తీసుకున్నాడు. అంటే కాపలా అప్పటికీ కుదుటపడలేదన్నమాట.

చెన్నై చరిత్ర ఇందుకు భిన్నంగా లేదు. ఆరు హత్యల కేసులో మద్రాసు కేంద్ర కారాగారంలో ఉన్న ఆటో శంకర్ 1990 ఆగస్టులో తప్పించుకుని ఒడిశాలోని రూర్కెలాలో దొరికాడు. లోపలివాళ్లు తలుపు తీయనిదే అది సాధ్యమయ్యేది కాదని ఆ కేసులో వార్డర్ల అరెస్టుతోనే తేలింది. అధికారులతో తనకున్న సంబంధాల గురించి అతను రాసుకున్న కథను ఒక తమిళ పత్రిక అచ్చువేయబోతే జైళ్ల శాఖ అడ్డుపడింది. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1994లో పత్రికా స్వేచ్ఛకూ వ్యక్తిగత గోప్యతకూ హద్దులు గీసిన ప్రసిద్ధ తీర్పుగా మిగిలింది. హంతకుడి కథను వినోదంగా ఎంత చెప్పుకున్నా ప్రభుత్వాలకు అభ్యంతరం ఉండదు. అందులో అధికారుల పేర్లు వచ్చినప్పుడే వారికి చట్టం గుర్తుకొస్తుంది.

ఇక కర్ణాటకలో మహిళలపై అత్యాచారాలు, హత్యల కేసుల్లో దోషి ఉమేశ్ రెడ్డి. అతను స్వయంగా ఒకప్పటి ఖాకీ ఉద్యోగి. ఒకటికి రెండుసార్లు పోలీసుల అదుపులోంచి జారిపోయాడు. పీణ్యలో ఒక మహిళ హత్య కేసులో అతనికి ఖరారైన మరణశిక్షను 2022 నవంబరులో సుప్రీంకోర్టు కనీసం 30 ఏళ్ల జైలుశిక్షగా మార్చింది. అతణ్ని చట్టవిరుద్ధంగా ఏళ్ల తరబడి ఏకాంత నిర్బంధంలో ఉంచడం అందుకు ఒక ప్రధాన కారణం. మొదట అదుపులో ఉంచుకోలేకపోయారు, తర్వాత అదుపులో ఉంచే పద్ధతినే ఉల్లంఘించారు. రెండు చోట్లా తప్పు ఒకే వైపు ఉంది.

అన్నిటికన్నా మింగుడుపడనిది సైనైడ్ మోహన్ కేసు. దక్షిణ కన్నడ జిల్లాకు చెందిన ఈ మాజీ ఉపాధ్యాయుడు 2003 నుంచి 2009 వరకు పెళ్లి చేసుకుంటానని నమ్మించి, పేద కుటుంబాల యువతులను ఊరు దాటించి, బస్టాండ్ల మరుగుదొడ్లలో సైనైడ్ విషంతో చావుకు గురిచేశాడు. అతనిపై మోపిన హత్యల సంఖ్య 20. ఆరేళ్లపాటు ఒక మనిషి ఒకే పద్ధతిలో, ఒకే రకమైన చోట్ల ఇంతమందిని చంపుతూ పోతే ఎవరికీ అనుమానం రాకపోవడానికి అతని తెలివి కారణమా? మైసూరులో ఒకరు, మడికేరిలో ఒకరు, హాసనలో ఒకరు, బెంగళూరులో ఒకరు ఇలా దొరికిన మృతదేహాలు ఎక్కడికక్కడ యూడీఆర్‌గా, అంటే అసహజ మరణంగా నమోదై, దస్త్రం కట్టేసి అటకెక్కాయి. అక్కడ దొరికిన గుర్తుతెలియని దేహాన్ని ఇక్కడ కనిపించకుండా పోయిన అమ్మాయితో సరిపోల్చే తీరిక ఏ స్టేషనుకూ లేకపోయింది. కూతురు ఎవరితోనో వెళ్లిపోయిందని పరువు కోసం నోరు మూసుకున్న కుటుంబాలున్నాయి. ఫిర్యాదు ఇచ్చినా పట్టించుకునే దిక్కులేనివారూ ఉన్నారు. 2009లో బంట్వాళ ప్రాంతంలో ఒక యువతి కనిపించకుండా పోయినప్పుడు ఆమె కులస్థులు వీధికెక్కి నిలదీస్తే గానీ పోలీసులు ఫోన్ రికార్డులు తిరగేయలేదు. తిరగేశాక అతను దొరకడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఆ చురుకుదనం మొదటి దేహం దొరికిన నాడే చూపి ఉంటే ఎంతమంది బతికేవారో లెక్క వేయడానికి మాకు మనసు రావడం లేదు.

ఇంత జరిగినా అతనికి పెట్టిన పేరులో విషం ఉంది, భయం ఉంది. చనిపోయినవారికి యూడీఆర్ సంఖ్య తప్ప మరేమీ లేదు.

ఇది మన దగ్గర పుట్టిన రోగమేమీ కాదు. 1888లో లండన్‌లో అయిదుగురు మహిళలను చంపి నేటికీ దొరకని హంతకుడికి జాక్ ద రిప్పర్ అనే పేరు తెచ్చిన లేఖ ఒక వార్తా సంస్థకు అందింది. దాన్ని రాసింది హంతకుడు కాదు, ఒక విలేకరేనని అప్పటి పోలీసు అధికారులే అనుమానించారు. అంటే ఆ భయానికి పేరు పెట్టింది బహుశా మా వృత్తివాళ్లే. 1970ల చివర్లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో మహిళల వరుస హంతకుడు పీటర్ సట్‌క్లిఫ్‌ను పోలీసులు తొమ్మిదిసార్లు ప్రశ్నించి తొమ్మిదిసార్లూ వదిలేశారు. మధ్యలో ఒక ఆకతాయి పంపిన క్యాసెట్‌లోని గొంతును హంతకుడి గొంతుగా నమ్మి, ఆ యాసలేని వాళ్లందరినీ పక్కన పెట్టారు. అక్కడ కనీసం ఆ లోపాలపై అధికారిక సమీక్ష జరిగింది, దాని నివేదిక తర్వాతైనా బయటికి వచ్చింది. మన జైలు పలాయనాలపై అలాంటి నివేదికను సామాన్య పాఠకుడు ఎప్పుడైనా కళ్లజూశాడా?

నేరకథలపై ఆసక్తి మానవ సహజమనీ, భయం జనాన్ని జాగ్రత్తపరుస్తుందనీ, ఇలాంటి కార్యక్రమాలు చూసినంత మాత్రాన ఎవరూ హంతకులు కారనీ కొందరు వాదిస్తారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ నిరాధారమైన భయం ఎవరి మీద పడుతుందో మనం ఇదే నగరంలో చూశాం. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న వాట్సాప్ పుకారును నమ్మి చామరాజపేటలో పొట్టకూటికొచ్చిన ఒక రాజస్థానీ యువకుణ్ని జనం కొట్టి చంపారు. అదే నెలలో తిరువణ్ణామలై జిల్లాలో, గుడికి వెళ్తూ పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన చెన్నై వృద్ధురాలిని అనుమానంతో కొట్టి ప్రాణం తీశారు. అలాంటి దాడులను అరికట్టమని ఆ ఏడాది జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇవ్వాల్సివచ్చింది. జాగ్రత్త పేరుతో పుట్టిన ఆ భయం వల్ల ఒక్క నేరస్థుడైనా దొరికాడా? దొరికింది దిక్కులేని బాటసారులు. తొంభైల్లో తలుపుల మీద ఇక్కడ ‘నాళె బా’ అనీ, మన ఊళ్లలో ‘ఓ స్త్రీ రేపు రా’ అనీ రాసుకున్న రోజుల్లో సుద్దముక్క తప్ప మరే నష్టమూ జరగలేదు. ఇప్పటి పుకారుకు చేతిలో కర్ర ఉంది.

తప్పించుకున్నవాణ్ని ఎంత అసాధ్యుడిగా చూపిస్తే, వాణ్ని తప్పించుకోనిచ్చినవారి తప్పు అంత చిన్నదైపోతుంది. అంతటివాణ్ని ఎవరు మాత్రం ఆపగలరన్న నిట్టూర్పు జైలు అధికారికి ఏ న్యాయవాదీ ఇవ్వలేని రక్షణ. అందుకే ఈ వీడియోలపై ఏ శాఖా గొంతెత్తదు.

కర్ణాటక హోం శాఖ చేయవలసిన పనులు కష్టమైనవేమీ కావు. గత పలాయనాలపై జరిగిన విచారణల ఫలితాలు బయటపెట్టాలి. సస్పెన్షన్ల తర్వాత ఎవరికి శిక్ష పడింది, ఎవరు తిరిగి అదే కుర్చీలో కూర్చున్నారన్నది చెప్పాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 194 సెక్షన్ కింద నమోదయ్యే ప్రతి గుర్తుతెలియని మహిళ మృతిని జిల్లాల సరిహద్దులతో నిమిత్తం లేకుండా అదృశ్యం కేసులతో సరిపోల్చాలి. స్టేషన్లను అనుసంధానించే సీసీటీఎన్‌ఎస్ ప్రాజెక్టుకు కేంద్రం 2009లోనే ఆమోదం తెలిపింది కనుక, యంత్రాలు లేవన్న సాకు చెల్లదు. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ సరిహద్దు జిల్లాల పోలీసులు కూడా ఇందులో కలిసిరావాలి. హోసూరులోనో, హిందూపురంలోనో తప్పిపోయిన అమ్మాయి ఫిర్యాదు బెంగళూరులో చిత్తు కాగితంతో సమానం కాకూడదు.

ఇక హంతకుడి గొప్పలను రాత్రింబవళ్లు తిప్పితిప్పి చూపించే మా సోదర ఛానళ్లకు ఒక మాట. జైలు గోడ ఎత్తు మీకు అడుగులూ అంగుళాలతో సహా తెలుసు. ఆ రాత్రి ఆ గోడకు కాపలా ఉండాల్సింది ఎవరో, జీతం తీసుకుంటూ వారేం చేస్తున్నారో ఒక్క గంట చర్చ పెట్టండి. అంత ధైర్యం లేదంటారా, కనీసం ఆ సంగీతమైనా ఆపండి.