బావ పగడాలు, అమ్మ గుప్పెడు

మా బావ తల మీద జుట్టు రాలిపోయి చాలా కాలమైంది. ఆ రాలిందంతా ఆకుపచ్చ రంగేసుకుని ఆయన అక్వేరియంలో మొలిచిందని మా అక్క అంటుంది.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో వాళ్ళ హాల్లో 75 గ్యాలన్ల రీఫ్ ట్యాంకు ఉంది. దాదాపు 284 లీటర్ల ఉప్పునీళ్ళు, రెండు క్లౌన్ చేపలు, మిగతావన్నీ ప్రాణమున్న పగడాలు. ఇండియాలో ఈ ముచ్చట కుదరదు లెండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పెద్దపులి ఉన్న మొదటి షెడ్యూల్లోనే రాతి పగడాలూ ఉన్నాయి. బావ తాను కుళాయి నీళ్ళు తాగి, పగడాలకు మాత్రం ఆర్వో నీళ్ళు పోస్తాడు.

మొన్న వేసవిలో వాటి మీదికి వెంట్రుకల నాచు ఎక్కింది. టెస్ట్ కిట్ పెట్టి చూస్తే 0.05 దగ్గర ఉండాల్సిన ఫాస్ఫేట్, అంటే నాచుకు ఎరువు, 0.4 ఉంది. లైట్లు ఆర్పేద్దామంటే అదో తంటా. పగడం బతికేదే తన ఒంట్లో ఉన్న సూక్ష్మమైన నాచు వెలుతురులో వండిపెట్టే తిండి మీద. లోపలి నాచుకు వెలుగు కావాలి, బయటి నాచుకు అదే వెలుగు పండగ. బావకు టెన్షన్ పట్టుకుంది. ఆర్వో ఫిల్టర్లు మార్చాడు. నాచు మేస్తాయని టర్బో నత్తల్ని తెప్పించాడు.

"డబ్బులిచ్చి నత్తల్ని కొన్నారా బాబూ!" అంది అమ్మ. ఆవిడ పుట్టింది గోదావరి పక్కన.

ఆ నత్తలు మేత కన్నా కూల్చివేతలో ఆరితేరినవి. అర్ధరాత్రి ఠప్పుమంటుంది. బావ లేచి టార్చి వేసుకుని, పడిపోయిన పగడాన్ని నిలబెట్టి, వెల్లకిలా పడ్డ నత్తను తిరగేసి వచ్చి పడుకుంటాడు. అది తనంతట తాను తిరిగి లేవడం కష్టం మరి.

చివరికి పగడాల్ని బయటికి తీశాడు. పగడాల బంధువులైన జొయాంథిడ్లలో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుందని గ్లౌజులు తొడిగి, కళ్ళద్దాలు పెట్టి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన నీళ్ళలో ముంచి, టూత్ బ్రష్‌తో తోముతున్నాడు. అమ్మ కాసేపు చూసి, "కాస్త చింతపండు ఇవ్వనా?" అంది.

అసలు గుట్టు రట్టు చేసింది చేపలే. ఓ ఉదయం బావ గాజుకు ముక్కు ఆనించి చూస్తుండగా, అమ్మ పూజ ముగించి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. క్లౌన్‌లు రెండూ బావను వదిలేసి, తోకలాడిస్తూ ఆవిడ వైపు మూలకు పరుగెత్తాయి. బావ చేపల్ని చూశాడు, అమ్మను చూశాడు, మేత డబ్బా ఊపి చూశాడు. అడుగంటింది.

"మీరేమో చిటికెడు వేస్తారు. పిచ్చి ముండలకు అదేం సరిపోతుంది? రోజూ ఓ గుప్పెడు నేనే వేస్తున్నా" అంది అమ్మ.

తినగా మిగిలింది కుళ్ళి, ఫాస్ఫేటై, నాచుకు విందైపోయింది. కానీ అత్తగారిని ఏమంటాడు? అదీ ఆవకాయ జాడీ మోసుకుని సముద్రాలు దాటొచ్చిన అత్తగారిని! బావ గుటకలు మింగి, "అత్తయ్యగారూ, వీటికి షుగర్ వచ్చిందట. మేత తగ్గించమన్నారు" అన్నాడు.

అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. షుగర్ బాధ ఆవిడకు తెలుసు. ఆ రోజు నుంచి గుప్పెడు బంద్. ఫాస్ఫేట్ దిగింది, పగడాలు మళ్ళీ విచ్చుకున్నాయి, బావ నిద్రపోయాడు.

మొన్న మాత్రం వంటింట్లోంచి గిన్నెతో వస్తూ అడిగింది: "బాబూ, రాత్రే మెంతులు నానబెట్టాను. పరగడుపునే వేసెయ్యనా?"