సవరణ: ‘ఎంత దూరపు పరిచయమైతే అంత మేలు’ అన్న మాట గురించి

లింక్డ్‌ఇన్ పరిచయాల గురించి గత వారం రాసినప్పుడు, ఉద్యోగం వెతుక్కునేవారికి పరిచయం ఎంత దూరపుదైతే అంత మేలని, కాబట్టి ముక్కూ మొహం తెలియనివారికి కూడా విరివిగా కనెక్షన్ రిక్వెస్టులు పంపమని చెప్పాను. అది పొరపాటు. ఆ మాట నమ్మి ఆచరణలో పెట్టినవారు నన్ను క్షమించాలి.

నేను ఆధారంగా చూపిన అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనోవెటర్ పరిశోధన 1973 నాటిది. పరిచయస్థుల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో సగానికి పైగా మంది ఆ పరిచయస్థులను అప్పుడప్పుడు మాత్రమే కలిసేవారని అందులో ఉందే తప్ప, అపరిచితులు మేలని లేదు. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం, 5 ఏళ్లలో సుమారు 2 కోట్ల మంది లింక్డ్‌ఇన్ సభ్యులపై జరిగిన ప్రయోగాలను పరిశీలించి, ఉద్యోగం మారడానికి ఎక్కువగా తోడ్పడేవి ఓ మోస్తరు బలహీనమైన బంధాలని, అంటే ఉమ్మడి పరిచయస్థులు పదిమంది దాకా ఉన్నవారితో ఏర్పడేవని తేల్చింది. ఆ సంఖ్య బాగా తగ్గినా, బాగా పెరిగినా ప్రయోజనం తగ్గింది. పైగా, డిజిటల్ వాడకం తక్కువగా ఉన్న రంగాల్లో దగ్గరి బంధాలే ఎక్కువ అక్కరకు వచ్చాయి. ఈ సంగతిని నేను ప్రస్తావించనేలేదు.

కాబట్టి నా సలహా మారుతోంది. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం వెతుకుతున్న అమ్మాయి వందమంది అపరిచితులకు ఖాళీ రిక్వెస్టులు పంపేకంటే, తన కాలేజీ సీనియర్ ఒకరికి “నమస్తే అండీ, మీ తర్వాత మూడో బ్యాచ్‌లో ఈసీఈ చదివాను. మీ టీమ్‌లో టెస్టింగ్ పని ఎలా ఉంటుందో వీలున్నప్పుడు పది నిమిషాలు చెప్పగలరా?” అని రాయడం మంచిదని ఇప్పుడు నా అభిప్రాయం.